విడిగా వండిన గిన్నె

పదకొండేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మోస్తున్నాననడం కూడా పూర్తిగా నిజం కాదు. మొదటి నాలుగేళ్ళు అది బరువని నాకు తెలియనే లేదు. చేసింది తప్పని తెలిసి కుమిలిపోయేవాళ్ళు కొంత నయం. నేను మంచిపనే చేశాననుకున్నాను. లోలోపల కాస్త మురిసిపోయాను కూడా. ఇప్పుడు నాకు ఎక్కువగా సిగ్గేసేది ఆ మురిపెం తలుచుకుంటేనే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు, మా ఊరి పేరు అడగకండి. యాభై ఆరేళ్ళ రైతు ఇంటి ఆడదాన్ని అనుకోండి, చాలు. మా ఊరి నుంచి లారీ గంటన్నరలో గుంటూరు మిర్చి యార్డుకు చేరుతుంది. ఆరెకరాల నల్లరేగడి. నాలుగెకరాల్లో మిరప వేస్తాం, రెండెకరాల్లో పత్తి. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన ఊరంతా చెబుతుంటారు. నిజమే, వాగుడు నాకు పుట్టుకతో వచ్చింది. ఈ ఒక్క సంగతి మాత్రం ఆయనకు కూడా చెప్పలేదు.

మొదటి నుంచీ చెబుతాను. చెబుతూ చెబుతూ నన్ను నేను వెనకేసుకొస్తే కనిపెట్టండి. ఆ అలవాటు నాకుంది.

మా ఇంట్లో ఒక ఆచారం. మిరప తొలి కోతకు ముందురోజు, ఆదివారం నాడు, పెదకాకాని వెళ్ళి గుడి దగ్గర పొంగలి వండి స్వామికి నివేదన చేస్తాం. ఆ గిన్నె మూత మీద గుడ్డ కట్టి ఇంటికి తెస్తాం. చలికాలం కాబట్టి చెడిపోదు. సోమవారం పొద్దున చేలోకి దిగేముందు కోతకు వచ్చిన కూలీలందరికీ తలా ఒక గరిటె పెడతాం. అది తిన్నాకే మొదటి కాయ తెంపాలి. మా అత్తగారు కాపురానికి వచ్చినప్పటికే ఉన్న ఆచారం.

మా చేలో కోతలకు రెండు ముఠాలు వస్తాయి. అందులో పెద్దది సువార్తమ్మ ముఠా. పదిహేను మంది ఆడవాళ్ళు, అందరూ ఊరికి తూర్పున చర్చి చుట్టూ ఉన్న పేటలో వాళ్ళు. సువార్తమ్మ వాళ్ళకి మేస్త్రి. నాకన్నా రెండేళ్ళు చిన్న. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చేను ఆ చివర ఎవరైనా పండని కాయ తెంపితే ఈ చివర నుంచి కేకేసేది. ఆమె ముఠా కోసిన బస్తాలో పచ్చికాయ వెతికినా దొరికేది కాదు. పనిలోకి దిగేముందు పదిహేను మందీ గట్టు మీద నిలబడి, తల మీద కొంగు వేసుకుని ప్రార్థన చేసుకునేవాళ్ళు. మా చేను కోసం కూడా చేసేవాళ్ళు. నేను చూసి నవ్వుకునేదాన్ని. మనకి ఇద్దరు దేవుళ్ళ కాపలా ఉంది, చీడేం చేస్తుంది అని మా ఆయనతో అనేదాన్ని.

వాళ్ళు ప్రసాదం తినరు. సువార్తమ్మ మా చేలోకి వచ్చిన మొదటి ఏడాదే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "ఏవనుకోబాకండమ్మగారూ, విగ్రహాల ముందు పెట్టింది మేం తినమండీ" అని చెప్పింది. అంత పెద్ద గొంతు మనిషి ఆ మాట మాత్రం మెల్లగా చెప్పింది. నేను పెద్దమనసుతో, దానికేముందే, మీకు విడిగా వండిస్తాలే అన్నాను. అప్పటి నుంచి ఏటా తొలి కోత నాడు మా పెరట్లో పొయ్యి మీద వాళ్ళ కోసం పరమాన్నం వండేదాన్ని. చుట్టాలొస్తే వాళ్ళ ముందు ఈ సంగతి ఎత్తేదాన్ని. ఎవరి నమ్మకం వాళ్ళది, గౌరవించాలి గదా అనేదాన్ని. అలా అన్నప్పుడు నా మొహం ఎలా వెలిగిపోయేదో నాకు తెలుసు.

ఆ తర్వాత వరసగా రెండేళ్ళు మిరప దెబ్బతింది. బొబ్బర తెగులు. లేత ఆకులు ముడుచుకుపోయి, పూత పూతలాగే రాలిపోయింది. కొట్టని మందు లేదు. అప్పటికి మా అత్తగారికి ఎనభై దాటాయి. మంచం దిగేది కాదుగాని ఊళ్ళో సంగతులన్నీ ఆవిడకే ముందు తెలిసేవి. ఒకరోజు నన్ను పిలిచి, "కోసే చేతుల్లో సగం చేతులు స్వామి ప్రసాదం ముట్టకపోతే చేను ఎట్టా నిలబడుద్దే?" అంది. అంతే అంది. ఇంకేమీ చెప్పలేదు. ఆవిడ చెప్పిందనే చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆవిడ అడిగింది ఒక ప్రశ్న. జవాబు నేను కనిపెట్టాను.

మూడో ఏడు తొలి కోత. పెరట్లో పొయ్యి మీద వాళ్ళ పరమాన్నం ఉడుకుతోంది. పక్కన అరుగు మీద పెదకాకాని గిన్నె. మా ఆయన ట్రాక్టరు దగ్గర ఉన్నారు. పెరట్లో నేనొక్కదాన్నే. గుడ్డ విప్పి, మూత తీసి, ఒక గరిటె పొంగలి తీసుకుని పరమాన్నంలో వేసి కలిపాను. అదీ బెల్లమే, ఇదీ బెల్లమే. రంగు మారలేదు. ఎంతసేపు పట్టింది? రెండు నిమిషాలు కూడా పట్టలేదు. స్వామీ, అందరం తింటున్నాం, ఇక నీదే భారం అని దణ్ణం కూడా పెట్టుకున్నాను.

చేలో గట్టు మీద అందరికీ పళ్ళేల్లో పెట్టాను. సువార్తమ్మ ముద్ద ఎత్తబోయి ఆగింది. అంతకుముందు ఎప్పుడూ అడగలేదు. ఆ రోజే ఎందుకు అడిగిందో నాకిప్పటికీ తెలియదు. నా మొహంలో ఏమైనా కనిపించిందేమో.

"అమ్మగారూ, ఇది దేవుడి దగ్గర పెట్టింది కాదు గదండీ?"

"కాదులే సువార్తా. మీకోసం విడిగా వండిందే. తిను."

"మీరు చెప్పారంటే ఇంక చూసుకోనక్కర్లేదండీ" అంది. అని వెనక్కి తిరిగి, "తినండే, అమ్మగారు విడిగానే వండారంట" అని ముఠాకి కేకేసింది. అప్పటిదాకా పళ్ళేలు పట్టుకుని ఆమె వంక చూస్తున్న పద్నాలుగు మందీ అప్పుడు తిన్నారు.

నేను అబద్ధం చెప్పింది ఒక్క మనిషికి. ఆమె నా అబద్ధాన్ని తన మాటగా చేసి పద్నాలుగు మందికి పంచింది. ఈ సంగతి ఆ రోజు నాకు తట్టలేదు. ఆ రోజు నాకు తట్టిందల్లా, హమ్మయ్య, తిన్నారు అని.

ఆ ఏడు పంట విరగపండింది.

పండకపోయి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటాను. పండకపోతే అక్కడితో మానేసేదాన్నేమో. కళ్ళం నిండా ఎర్రగా కాయలు పరిచి ఉంటే, వాటి మధ్య నిలబడి, చూశావా అని నాకు నేను చెప్పుకున్నాను. మరుసటి ఏడాది మళ్ళీ కలిపాను. ఆ పై ఏడాది మళ్ళీ. ఏడేళ్ళు కలిపాను. మీ దగ్గర ఒక్కటి కూడా దాచను. పొంగలిలో పెసరపప్పు ఉంటుంది. పరమాన్నంలో వెయ్యరు. మొదటి ఏడాది ఎవరి పళ్ళెంలోనైనా పప్పు బద్ద కనిపిస్తుందేమోనని ప్రాణం పీక్కుపోయింది. అందుకని రెండో ఏడాది నుంచి పరమాన్నంలోనే ఇంత పెసరపప్పు వేయించి వెయ్యడం మొదలుపెట్టాను. అంటే ఏమిటి? భయంతో, తొందరలో చేసిన తప్పు అనుకోవడానికి కూడా నాకు చోటు లేదు. ముందురోజు రాత్రే పప్పు కొలిచి పెట్టుకునేదాన్ని. సువార్తమ్మకి ఆ రుచి నచ్చింది. ఏం వేశారండీ, భలేగా ఉంది అని అడిగి తెలుసుకుంది. దేవుడి దగ్గర పెట్టిందా అన్న ప్రశ్న మాత్రం రెండో ఏడాది నుంచి ఆమె ఇంకెప్పుడూ అడగలేదు. నేను ఒకసారి చెప్పాను, ఆమెకది చాలు.

ఎందుకు చేశాను? పంట కోసమే అని చెబితే మీరు నమ్ముతారు. నేనే నమ్మను. పంట భయం నిజమే. దాని అడుగున ఇంకొకటుంది. నాకు కోపం ఉండేది. మా ఇంటి అన్నం తింటారు, మా బావి నీళ్ళు తాగుతారు, మా స్వామి అన్నం మాత్రం పనికిరాదా అనే కోపం. దేవుడొక్కడే గదా, ఏ పేరుతో పిలిస్తే ఏమిటి అని నేను నలుగురిలో అనే మాట ఉంది. చాలా మంచి మాట. ఆ మాటనే అడ్డం పెట్టుకుని ఆమె నోట్లో ముద్ద పెట్టాను. దేవుడొక్కడే అయితే, తిననన్నా ఆయనకేం కోపం? ఈ ప్రశ్న ఏడేళ్ళలో నాకు ఒక్కసారి కూడా రాలేదు.

ఇంకొకటి చెప్పాలి. మా అత్తగారి చిన్నతనంలో సువార్తమ్మ నాయనమ్మ వాళ్ళని గుడి దరిదాపుల్లోకి రానిచ్చేవాళ్ళు కాదట. పండగ నాడు దూరంగా నిలబడితే ఆకులో ఇంత ప్రసాదం పెట్టి, నేల మీద ఉంచి, పెట్టినవాళ్ళు పక్కకి తప్పుకున్నాక తీసుకోమనేవాళ్ళట. అత్తగారే చెప్పింది, మామూలుగా, పాత ముచ్చట చెప్పినట్టు. కావాలన్న రోజు మావాళ్ళు చేతికివ్వలేదు. వద్దన్న రోజు దొంగచాటుగా నోటికిచ్చాను.

కలపడం మొదలుపెట్టిన నాలుగో ఏడు జరిగింది వినండి. అది విన్నాక కూడా నా మీద మీకు జాలి మిగిలితే అది మీ మంచితనం.

ఆ ఏడు మా ఆయన అయ్యప్ప మాల వేసుకున్నారు. ఇల్లంతా నియమంగా ఉన్నాం. పత్తి తీతలు జరుగుతున్నాయి. తీసిన పత్తి సువార్తమ్మ వాళ్ళు తెచ్చి మా వసారాలో పోసేవాళ్ళు. ఒకరోజు పొద్దున ఆమె లోపలికి రాకుండా గేటు బయటే, రోడ్డుకి అవతల వైపు నిలబడి పిలిచింది. మూడు రోజులు తను ఇంటి వైపు రాదట, తన బదులు ఇంకొకామె పత్తి తెస్తుందట. నాకు అర్థమైంది. అర్థమై ఆశ్చర్యపోయాను. "మీకు ఈ పట్టింపులు లేవుగా?" అన్నాను.

"మాకు లేవండీ. మీకున్నాయి గదా" అంది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆమె మామూలుగా వచ్చి పత్తి పోసి వెళ్ళిపోయినా మాకెవరికీ తెలిసే దారి లేదు. ఆమెకు ఆ నియమం మీద నమ్మకమూ లేదు. మరి ఎందుకు చెప్పింది? మాకుంది కాబట్టి చెప్పింది. రోడ్డు అవతల నిలబడి, నలుగురూ వినేలా ఆ సంగతి చెప్పుకోవడం ఆమెకేమంత సుఖంగా ఉండి ఉంటుంది? ఆమె వెళ్ళిపోయాక గేటు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. చేస్తున్నది తప్పేమోనని మొదటిసారి అనిపించింది. ఇంక చెయ్యను అనుకున్నాను, గట్టిగానే అనుకున్నాను.

పన్నెండు రోజుల తర్వాత తొలి కోత. మళ్ళీ కలిపాను. మాల వేసుకున్న ఏడాది కదా, లోపం జరగకూడదని.

మా అత్తగారు పోయేముందు ఆవిడకి చెప్పాను. అది అయిదో ఏడు. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. మీరన్నట్టే కోసే చేతులన్నిటి చేతా ప్రసాదం తినిపిస్తున్నానత్తయ్యా, ఎవరికీ తెలియకుండా పరమాన్నంలో కలిపి పెడుతున్నా అన్నాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి చూసింది. "ఛీ" అంది. "దొంగచాటుగా పెట్టింది ప్రసాదం ఎట్టా అవుద్దే? కళ్ళకద్దుకుని తింటే ప్రసాదం. లేకపోతే ఉత్త అన్నం. వాళ్ళ మాటా పోయె, మన మాటా పోయె" అని గోడ వైపు తిరిగి పడుకుంది. చదువు లేని మనిషి. సువార్తమ్మ పేట వాళ్ళ గురించి చిన్నచూపు మాటలు మాట్లాడే మనిషి. ఆవిడకి తెలిసింది నాకు తెలియలేదు.

అది విన్నాక కూడా రెండేళ్ళు చేశాను. ఎందుకంటే పంట బాగుంది. అలవాటైపోయిన తప్పుకి కారణం అక్కర్లేదు.

ఎప్పుడు మానేశానంటారా? తామర పురుగు వచ్చిన ఏడు. మా చుట్టుపక్కల ఒక్క చేను మిగల్లేదు. పువ్వులో దూరి పువ్వునే తినేసింది. అందరి చేలూ పోయాయి, మాదీ పోయింది. ఆ తర్వాతి ఏడాది తొలి కోత నాడు పెరట్లో గరిటె పట్టుకుని, దీనివల్ల ఒరిగిందేముంది అనుకుని పక్కన పెట్టేశాను. మనస్సాక్షి కుట్టి మానలేదు. పని చెయ్యలేదని మానేశాను. ఈ ముక్క కలిపి చెప్పకపోతే నేను చెప్పిందంతా మళ్ళీ అబద్ధమే అవుతుంది.

మానేశాక రెండేళ్ళకి అనుకుంటాను, సువార్తమ్మ కూతురికి దాచేపల్లి అవతల టీచరు ఉద్యోగం వచ్చింది. చర్చిలో కృతజ్ఞత కూటం పెట్టింది. నన్నూ మా ఆయన్నీ పిలిచింది. ఆయనకి పని పడి నేనొక్కదాన్నే వెళ్ళాను. ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. సువార్తమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. మొగుడు పోయిన సంగతి, పిల్లని చదివించిన సంగతి చెప్పింది. తర్వాత నా వైపు చూపించి చెప్పింది. ఎన్నో చేలల్లో కూలి చేశాను, ప్రసాదం తినలేదని కసిరినవాళ్ళున్నారు, పనిలోకి రావద్దన్నవాళ్ళున్నారు, నా నమ్మకాన్ని తన నమ్మకంలాగా చూసుకుంది ఈ తల్లొక్కతే, మా ముఠాకి ఇన్నేళ్ళూ విడిగా వండి పెట్టింది అంది. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు నా పేరు పెట్టి ప్రార్థన చేశారు. నా చుట్టూ అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను కళ్ళు తెరుచుకుని తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆమేన్ అన్నాక సువార్తమ్మ నా వంక చూసి నవ్వింది. నేనూ నవ్వాను.

అప్పుడు లేచి చెప్పొచ్చు. చెప్పలేదు. భోజనాల దగ్గర పాస్టరుగారు పక్కన కూర్చుంటే, మీవాళ్ళు తెలియక ప్రసాదం తింటే ఎలాగండీ అని డొంకతిరుగుడుగా అడిగాను. తెలియక తిన్నవాళ్ళకి దోషం లేదమ్మా అన్నారాయన. ఎందుకడిగారని అడిగితే ఊరికేనండీ అన్నాను. పెట్టినవాళ్ళ సంగతేమిటో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. ఆ సగం మాట పట్టుకుని ఇంటికొచ్చి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. తర్వాత రాత్రుల సంగతి చెప్పను.

నిరుడు వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం. కళ్ళంలో నేనూ సువార్తమ్మా ఎదురెదురుగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాం. రంగు పోయి తెల్లబడ్డ కాయల్ని తాలు అంటాం. ఘాటుకి ఇద్దరం ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకున్నాం. ఆమె ఏదో చెబుతూ, క్రిస్మస్‌కి చర్చి మొత్తానికి పరమాన్నం తనే వండానని, మీ దగ్గర నేర్చుకున్నట్టే పెసరపప్పు వేస్తే అందరూ మెచ్చుకున్నారని అంది. నా చేతులు ఆగిపోయాయి. ఇంక ఆపుకోలేకపోయాను. చెప్పేశాను. రెండేళ్ళు పంట పోయిన భయంతో పెదకాకాని పొంగలి కలిపి పెట్టానని, అబద్ధం చెప్పానని.

ఆమె మొహం నాకు కనిపించలేదు. గుడ్డ పైన కళ్ళు మాత్రమే. చేతిలో కాయని అటూ ఇటూ తిప్పింది. తర్వాత ఒక్కటే అడిగింది.

"ఎన్నిసార్లండీ?"

"ఒక్కసారే" అన్నాను.

ఎలా వచ్చింది ఆ మాట? ఏడు అని చెప్పడానికే నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు పెట్టి చెబుతాను, ఏ దేవుడైనా సరే. నోరు తెరిచేసరికి ఒక్కసారే అని వచ్చింది. ఆమె కళ్ళు చూశాక ఏడు అనే మాట నా గొంతు దాటలేదు.

"మావాళ్ళందర్నీ తినమంది నేనే గదండీ" అంది. అది నాతో అన్నట్టు లేదు. చేతిలో కాయని తాలులో పడేసి, "పోనీలెండి. ఒక్కసారే గదా. ఆ రెండేళ్ళూ పంట పోయి మీరు ఏడుస్తా ఉన్నారు. చేసింది చేశారు" అంది. తర్వాత మళ్ళీ తాలుకాయలు ఏరడం మొదలుపెట్టింది. లేచేటప్పుడు చెప్పింది, వచ్చే ఆదివారం బల్ల తీసుకోనని. వాళ్ళ చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం. నేను గాభరాపడి, తెలియక తింటే దోషం లేదని మీ పాస్టరుగారే అన్నారు సువార్తా అన్నాను.

"తిన్నదాని గురించి కాదండీ. నాకు మీ మీద కోపమొచ్చింది. లోపల కోపం పెట్టుకుని బల్ల ముట్టగూడదు. పోయినాక తీసుకుంటా."

మూడు నెలలు తీసుకోలేదు. ఆమె కూతురు నాతో అంది, అమ్మకి ఏమైందో తెలియదండీ, బల్ల రోజున వెనక కూర్చుని తల వంచుకుంటోంది, అడిగితే చెప్పడం లేదు అని. పేటలో ఎవరెవరో ఏదేదో అనుకున్నారట. ఆమె నా పేరు బయటికి రానివ్వలేదు. నాలుగో నెలలో తీసుకుందని తెలిసింది. ఒక్కసారికి మూడు నెలలు పట్టింది ఆమెకి, నా మీద కోపం పోగొట్టుకోవడానికి.

ఈ ఏడు తొలి కోత అయింది. పెదకాకాని గిన్నె లోపలి గదిలో పెట్టి తలుపు గడియ వేశాను. పరమాన్నం విడిగా, పెసరపప్పు లేకుండా వండాను. గట్టు మీద పళ్ళేల్లో పెట్టాను. సువార్తమ్మ ముఠా ముందు నిలబడింది.

"ఇది విడిగా వండిందేనా అండీ?"

"అవును సువార్తా. విడిగా వండిందే."

నిజం చెప్పాను. నిజం చెబుతున్నప్పుడు నా గొంతు వణికింది. అబద్ధం చెప్పిన రోజు వణకలేదు. ఆమె నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు, ఇంకో రకంగా కాదు, చూసింది. పద్నాలుగు మందీ పళ్ళేలు పట్టుకుని ఆమె చెప్పే మాట కోసం చూస్తున్నారు. "అమ్మగారు విడిగానే వండానంటన్నారు. ఆ పైన మీ ఇష్టం. నేనైతే ఏం చెప్పలేనే" అంది. తన పళ్ళెం నా చేతికి తిరిగి ఇచ్చి, తెచ్చుకున్న కేరేజీ విప్పుకుంది. కొందరు తిన్నారు. కొందరు తినలేదు. తర్వాత ఎప్పటిలాగే తల మీద కొంగు వేసుకుని మా చేను కోసం ప్రార్థన చేసి పనిలోకి దిగింది.

వచ్చే ఏడు ఆమె రాదు. కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. కోతలకి మనుషులు దొరకని రోజులు, మేస్త్రి పోతే కాయ చెట్టు మీదే ఎండిపోతుంది, అందుకే నిజమంతా చెప్పలేదని ఇన్నాళ్ళూ నాకు ఒక సాకు ఉండేది. అదీ పోయింది. ఇప్పుడు చెప్పొచ్చు. ఆమె పేటకి నడిచి వెళ్తే పది నిమిషాలు. ఎందుకు వెళ్ళడం లేదు? మళ్ళీ ఎన్ని నెలలు ఆమె వెనక వరసలో తల వంచుకుని కూర్చోవాలో అని ఆమె కోసం ఆగానంటాను. అది సగమే నిజం. మిగతా సగం, ఒక్కసారి తప్పు చేసి ఒప్పుకున్న మనిషిగానైనా ఆమె మనసులో మిగిలిపోవాలన్న ఆశ. చూశారా, ఇంకా ఆమె దగ్గర మంచిదాన్ని అనిపించుకోవాలనే ఉంది నాకు.

ఇది రాయడానికి నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. ఏడుసార్లు అన్న మాట పైన ఎక్కడో రాశాను. రాసిన రోజు పెన్ను పక్కన పెట్టి లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాను. అప్పటి నుంచి ఊపిరి కాస్త బాగా ఆడుతోంది. ఈ తేలిక నాకు దక్కాల్సింది కాదు. ఆమె క్షమించింది ఒక్కదాన్ని. మిగతా ఆరింటి సంగతి మీకు తెలుసు, ఆమెకు తెలియదు.